శేషం ఒక కుర్చీ

ఆ హాల్లో కుర్చీలు వేసే మనిషిని అందరూ "కుర్చీలాయనా" అని పిలిచేవాళ్ళు. కాస్త చనువున్నవాళ్ళు "ఏమోయ్ తొంభై ఒకటీ!" అనేవాళ్ళు. ఆయనకి రెండోదే ఇష్టం. ఎందుకంటే హాల్లో ఉన్న కుర్చీలు తొంభై ఒకటి. ఆ అంకెని చూసుకుని ఆయన మీసం మెలేసినట్టు ఇంకెవరూ దేన్ని చూసుకునీ మెలేసి ఉండరు.

మొదట్లో కుర్చీలు వంద ఉండేవట. హాలు తెరిచిన కొత్తలో సభ్యుల ఎన్నికలు జరిగాయి. పెద్దమనుషులంతా చాలా మర్యాదగా మొదలుపెట్టి, చివరికి కుర్చీలు ఒకళ్ళమీద ఒకళ్ళు విసురుకున్నారు. తొమ్మిది విరిగాయి. వాటిని చేసిన వడ్రంగి కూడా తర్వాత పోయాడు, కుర్చీ తగిలి కాదు లెండి, వయసొచ్చి పోయాడు. అలాంటి వంపు వీపు చెక్కగలిగినవాడు మళ్ళీ దొరకలేదు. వేరే రకం తొమ్మిది తెచ్చి కలుపుదామంటే, ఆ నాసిరకం వాటిలో ఎవరు కూర్చోవాలని మళ్ళీ చొక్కాలు పట్టుకున్నారు. దాంతో తొంభై ఒకటి దగ్గర ఆగిపోయింది.

హాలు పొడుగ్గా, సన్నగా ఉంటుంది. ఒక కొసన వేదిక, ఇంకో కొసన తలుపు, తలుపు పక్కన చీపుర్ల అలమర, దాని పక్కన కరెంటు స్విచ్చులు. ఆ స్విచ్చుల సంగతి గుర్తుంచుకోండి, కుర్చీలాయన చాలా గండాలు వాటి సాయంతోనే గట్టెక్కాడు. అసలు విశేషం మాత్రం కుర్చీలు వేసే తీరులో ఉంది. అన్ని హాళ్ళలోనూ వరసలు సమానంగా ఉంటాయి కదా. ఇక్కడ అలా కాదు. వేదిక ముందు ఒకే ఒక్క కుర్చీ. దాని వెనకాల రెండు. వాటి వెనకాల మూడు. అలా ఒక్కొక్కటీ పెరుగుతూ పోయి చిట్టచివరి వరసలో పదమూడు. కూడితే సరిగ్గా తొంభై ఒకటి.

"ఇదేం వేయడమయ్యా?" అని ప్రతి కొత్త ప్రెసిడెంటూ అడిగేవాడు.

"ఏం చెయ్యమంటారండీ, ఇది తెగే అంకె కాదు" అని కుర్చీలాయన చేతులు నలుపుకునేవాడు. "ఎలా వేసినా ఒకటి మిగిలిపోతుంది. కావాలంటే చూడండి."

ఇక చూపించడం మొదలెట్టేవాడు. పదేసి కుర్చీలు పెడితే తొమ్మిది వరసలు, ఒకటి మిగిలింది. తొమ్మిదేసి పెడితే పది వరసలు, మళ్ళీ ఒకటే మిగిలింది. గోడనించి గోడదాకా పదిహేనేసి ఇరికిస్తే ఆరు వరసలు, నడవడానికి దారిలేదు, అయినా ఒకటి మిగిలింది. రెండు వరసలన్నా, మూడన్నా, అయిదన్నా నోటిలెక్కతోనే తేల్చేసేవాడు, అన్నిటికీ శేషం ఒకటి. కుర్చీలు ఈడుస్తుంటే కిర్రుమని చెవులు చిల్లులుపడేవి, దుమ్ము లేచేది, ప్రెసిడెంటు గారికి తుమ్ములు పట్టుకునేవి. ఎవరైనా మొండివాడు "ఏడేసి పెట్టి చూడు" అన్నాడో, కుర్చీలాయనకి ఆ క్షణంలో నడుం పట్టేసేది. నడుం నొప్పికి లొంగనివాళ్ళు తగిలితే స్విచ్చుల దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళేవాడు, కరెంటు పోయేది. పాపం కరెంటాఫీసు వాళ్ళు ఆ హాలు పేరు చెప్పి తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు.

అవునండీ, అబద్ధం. పచ్చి అబద్ధం. తొంభై ఒకటి తెగుతుంది. ఏడు పదమూళ్ళు తొంభై ఒకటి.

ఆ సంగతి కుర్చీలాయనకి తెలిసిన రోజు ఆయన మొహం చూడాల్సింది. నేల కడగడానికి కుర్చీలు జరుపుతున్నాడు. ముందున్న ఒంటి కుర్చీని తీసుకెళ్ళి పన్నెండున్న వరస పక్కన పెట్టాడు, పదమూడయ్యాయి. రెండున్న వరసని పదకొండు పక్కకి జరిపాడు, అవీ పదమూడే. మూడూ పదీ, నాలుగూ తొమ్మిదీ, అయిదూ ఎనిమిదీ, ఆరూ ఏడూ. వెనకాల పదమూడు ఎలాగూ ఉన్నాయి. తలెత్తి చూసేసరికి కళ్ళముందు ఏడు వరసలు, చెప్పుచేతల్లో ఉన్న పిల్లల్లా బుద్ధిగా నిలబడి ఉన్నాయి. ఒక్కటంటే ఒక్క కుర్చీ మిగల్లేదు. ఎవరైనా చూశారా అని కిటికీల్లోంచి తొంగిచూసి, గబగబా ఎక్కడివక్కడ సర్దేసి, చెమట తుడుచుకున్నాడు. నేల కడగడం మర్నాటికి వాయిదా పడింది.

ఇంత నాటకం ఎందుకూ అంటే, అక్క కోసం.

అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే ఆయన్ని పెంచింది అక్కే. చొక్కాలు కుట్టే షాపులో గుండీలకి కాజాలు కుట్టేది. మిషన్ల మోతకి ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది అరకొరగా పనిచేస్తుంది. మనిషి హుషారైంది, మాట చురుకైంది. కానీ ఒక జబ్బు ఉంది ఆవిడకి. ఏదైనా సరే, మిగిలిందే తీసుకుంటుంది. అన్నం తమ్ముడికి పెట్టి మిగిలింది తినేది. దుప్పటి తమ్ముడికి కప్పి మిగిలిన కొస మీదకి లాక్కునేది. తమ్ముడు పెద్దవాడై ఉద్యోగంలో చేరి, ఎంతో మురిపెంగా కొత్త చీర తెస్తే, "నాకెందుకురా, నాకున్నాయిగా" అని పక్కింటి పిల్లకి ఇచ్చేసింది. ఆ రోజు ఆయన కోపంతో అన్నం తినలేదు. ఆ అన్నం కూడా మిగిలింది కాబట్టి మర్నాడు అక్కే తినేసింది. ఏం చేస్తాం ఇలాంటివాళ్ళని?

ఆవిడకి పాటంటే ప్రాణం. హాల్లో పాటలు పెట్టిన మొదటిసారి తమ్ముడు పిలిస్తే వచ్చి, తలుపు దగ్గర గోడకానుకుని నిలబడింది. ఇంటికెళ్ళాక "ఎలా ఉందక్కా?" అంటే "చాలా బావుందిరా" అంది. ఏ పాట నచ్చిందంటే నీళ్ళు నమిలింది. అప్పుడర్థమైంది ఆయనకి, అంత దూరంనించి ఒక్క ముక్క కూడా వినపడలేదని. ఆ పూట ఆయనకి ఏడుపొచ్చింది, భార్య చూస్తుందని ఉల్లిపాయలు తరుగుతానని ముందుకొచ్చాడు.

తర్వాతిసారి వేదిక ముందు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. అక్క ససేమిరా అంది. "ఎవరి కుర్చీయో నాకెందుకురా? పైగా పనివాళ్ళ తాలూకు మనుషులు ముందు కూర్చోకూడదని మీకు రూలుందిగా. నీ ఉద్యోగం ఊడుతుంది."

"ఇది ఎవరిదీ కాదక్కా. సర్దగా సర్దగా మిగిలిపోయింది."

"మిగిలిందా?" అంది అక్క. "ముందే చెప్పొద్దూ!" అని చటుక్కున కూర్చుంది.

అంతే. ఆ రోజునించీ తొంభై ఒకటి తెగని అంకె అయిపోయింది. మిగిలిన కుర్చీని అన్నిటికంటే ముందు పెట్టి, తక్కినవాటిని దాని వెనకాల సర్దాడు కుర్చీలాయన. పుట్టి బుద్ధెరిగాక అక్కకి ఏదైనా అందరికంటే ముందు దక్కిందంటే అదొక్కటే. అది మిగిలింది కాదని తెలిస్తే మాత్రం ఆవిడ లేచిపోతుంది. లేచిపోవడమే కాదు, ఇన్నాళ్ళూ ఇంకొకళ్ళ చోట్లో కూర్చున్నానని సిగ్గుపడి ఆ గుమ్మం మళ్ళీ తొక్కదు. అదీ ఆయన భయం.

ఆ కుర్చీ ఎవరిదీ కాదు కాబట్టి ఎవరికైనా ఇవ్వొచ్చు, ఇచ్చే హక్కు కుర్చీలాయనది. పాటలున్న రోజు అది అక్కది. తమ్ముడు ఆవిడెవరో ఎరగనట్టు, "రండి పెద్దమ్మగారూ, అదృష్టవంతులు, ఒకటి మిగిలింది" అని తీసుకెళ్ళి కూర్చోబెట్టేవాడు. ఆవిడ కూడా "నీ కడుపు చల్లగుండ, ఎవరి బిడ్డవో బాబూ" అని దీవించేది. ఉపన్యాసాలున్న రోజుల్లో మాత్రం ఆ కుర్చీతో ఆయన ఆటలు ఇన్నీ అన్నీ కావు. గంటలకొద్దీ వాయించే వక్త వస్తే గురకపెట్టే ముసలాయన్ని వెతికి తెచ్చి సరిగ్గా వక్త ముక్కుకింద కూర్చోబెట్టేవాడు. తనని తాను మహాకవి అనుకునే ఒకాయన వచ్చిన రోజు, ఆగని దగ్గుతో బాధపడుతున్న కిరాణా కొట్టాయనకి ఆ భాగ్యం దక్కింది. ఒక్క ప్రెసిడెంట్లకి మాత్రం ఆ కుర్చీ ఎప్పుడూ దక్కలేదు. వాళ్ళకి ఇస్తే అరిగిపోతుందని భయమేమో.

ఇలా సాగుతున్న బండికి రెండు అడ్డంకులొచ్చాయి. మొదటిది లెక్కల టీచరు.

ఆవిడ కొత్తగా కమిటీలో చేరింది. మొదటిరోజు హాల్లో అడుగుపెట్టి, కుర్చీలు చూసి, ఒక్కతే కిసుక్కున నవ్వింది. వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకుంది. మళ్ళీ నవ్వింది. తిన్నగా కుర్చీలాయన దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"బాబాయ్, ఏడు పదమూళ్ళు ఎంత?"

కుర్చీలాయన చేతిలో చీపురు జారిపోయింది.

"నాకు ఎక్కాలు రావు టీచరమ్మా."

"రాకపోతే ఏడు దగ్గరికి రాగానే నడుం ఎలా పడుతుంది?" అంది టీచరు. "కిందటి ప్రెసిడెంటు మా పెదనాన్నే. నీ నడుం కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన ఈ రోజుకీ నీకు తైలం ఏదైనా పంపాలని బాధపడుతుంటాడు."

ఇక దాచి లాభం లేదని తెలిసిపోయింది. కుర్చీలాయన కిటికీ గట్టుమీద కూలబడ్డాడు. కానీ టీచరు కోప్పడలేదు సరికదా, తినుబండారం దొరికిన పిల్లలా సంబరపడిపోతోంది.

"నువ్వు పట్టుకున్న అంకె ఎంత పోకిరీదో నీకు తెలుసా బాబాయ్? పైకి చూస్తే దేనికీ తెగదన్నట్టు మొహం పెడుతుంది. రెండుకీ మూడుకీ అయిదుకీ లొంగదు. ఆరు, తొమ్మిది, పది, వీటిలో దేనితో భాగించినా ఒకటి మిగిల్చి చేతిలో పెడుతుంది. మా పిల్లలు పరీక్షలో దీన్ని ప్రధాన సంఖ్య అని రాసి మార్కులు పోగొట్టుకుంటారు. ఏటా ఇదే వరస, నేనూ ఏటా అదే ప్రశ్న ఇస్తాను."

"పాపం కదమ్మా?"

"పాపమే, కానీ సరదాగా ఉంటుంది" అంది టీచరు. సంచీలోంచి సుద్దముక్క తీసి నేలమీద కూర్చుంది. "ఇలా త్రికోణం నువ్వే వేశావు. పండ్ల కొట్టువాడు కమలాపండ్లు గుట్టగా పేరుస్తాడు చూడు, పైన ఒకటి, దానికింద నాలుగు, ఆ కింద తొమ్మిది, పదహారు, ఇరవై అయిదు, అట్టడుగున ముప్ఫై ఆరు. కూడితే ఎంత?"

"తొంభై ఒకటా?" అన్నాడు కుర్చీలాయన.

"తొంభై ఒకటే! నడుమ ఒక కుర్చీ వేసి చుట్టూ ఆరు, వాటి చుట్టూ పన్నెండు, తర్వాత పద్దెనిమిది, ఇరవై నాలుగు, ముప్ఫై వేస్తే?"

"అదీ తొంభై ఒకటేనా?"

"చక్కెర బిళ్ళలున్నాయనుకో. పొడుగూ వెడల్పూ ఎత్తూ మూడేసి పెట్టి పెట్టెలా పేరిస్తే ఇరవయ్యేడు. నాలుగేసి పెట్టి పేరిస్తే అరవై నాలుగు. రెండు పెట్టెలూ కలిపితే అదే. ఆరేసి పెట్టిన పెద్ద పెట్టెలోంచి అయిదేసి పెట్టిన పెట్టె తీసేసినా మిగిలేది మళ్ళీ అదే! ఇన్ని వేషాలు వేసే అంకెని పట్టుకుని, ఇది ఎందుకూ పనికిరాని మొద్దని ఊరంతటినీ నమ్మించావు చూడు, నీకు దండం పెట్టాలి."

కుర్చీలాయనకి పెట్టెలూ బిళ్ళలూ చెవికెక్కలేదు. తన బతుక్కి అడ్డంపడ్డది ఏడు పదమూళ్ళొక్కటే. లేచి చేతులు జోడించాడు. "తల్లీ, ఎవరికీ చెప్పకు" అని అక్క సంగతంతా చెప్పాడు. టీచరు నవ్వు ఆపేసి విన్నది.

"అబద్ధం మాత్రం ఆడలేను బాబాయ్, అందులోనూ లెక్కల్లో" అంది చివరికి. "కానీ అడగనిదానికి నేనెందుకు చెబుతాను? ఎవరూ అడక్కుండా చూసుకో."

ఆ రెండో అడ్డంకి సరిగ్గా ఆ అడిగే రకం. కొత్త ప్రెసిడెంటు సిమెంటు కొట్టు యజమాని. ప్రమాణం చేసిన సాయంత్రమే పాటలు పెట్టించుకున్నాడు. అందరికంటే ముందు కూర్చుందామని కొత్త కోటేసుకుని వస్తే, ఒంటి కుర్చీలో ఎవరో పెద్దావిడ కూర్చుని తల ఊపుతోంది. ఈయనకి రెండో వరస దొరికింది. పాట మొత్తం ఆవిడ కొప్పు చూస్తూ విన్నాడు. ఆ కొప్పు ఆయన మనసులో ఎంత లోతుగా దిగిందంటే, మర్నాడే కమిటీని కూర్చోబెట్టాడు.

"సభ్యులందరూ సమానం" అని మొదలెట్టాడు. సమానం అనే మాట వాడేవాళ్ళు ఎక్కడికి పోతారో మనకి తెలుసు కదా. "ఒకళ్ళని ముందు కూర్చోబెట్టి తక్కినవాళ్ళని వెనక్కి నెట్టడం అన్యాయం. వరసలన్నీ సమానంగా ఉండాలి. మొదటి వరస నడుమ ప్రెసిడెంటు కూర్చుంటాడు, అది ఎక్కడైనా ఉన్నదే."

కుర్చీలాయన యథాప్రకారం చేతులు నలుపుకున్నాడు. "చిత్తం. కానీ ఇది తెగే అంకె కాదండీ. చూపిస్తాను రండి." పదీ తొమ్మిదీ ఆరూ అన్నీ వేసి చూపించాడు. దుమ్ము రేపాడు. నడుం పట్టుకుని "అబ్బా" అన్నాడు. ప్రెసిడెంటు కదల్లేదు. రోజంతా సిమెంటు దుమ్ములో బతికేవాడికి ఈ దుమ్ము ఒక లెక్కా? కరెంటు పోయింది. ప్రెసిడెంటు జేబులోంచి టార్చిలైటు తీశాడు. కుర్చీలాయన పప్పులు ఉడకని మనిషి ఒకడు దొరికాడు చివరికి.

"మన మధ్య లెక్కల టీచరు గారున్నారుగా" అన్నాడు ప్రెసిడెంటు, ఆ లైటు ఆవిడ మొహమ్మీదకి తిప్పి. "మీరు చెప్పండి. ఇది తెగుతుందా, తెగదా?"

కుర్చీలాయన టీచరు వైపు చూసిన చూపుకి రాయైనా కరిగేది.

"తొంభై ఒకటి చాలా గొప్ప అంకె అండీ" అంది టీచరు. "కమలాపండ్లు గుట్టగా పేర్చినప్పుడు..."

"పండ్లు వద్దు."

"పోనీ చక్కెర బిళ్ళలు పెట్టెలా పేరిస్తే, ఇరవయ్యేడూ అరవై నాలుగూ..."

"టీచరు గారూ, నేనడిగింది ఒకటే. తెగుతుందా, తెగదా?"

టీచరు చూస్తే, పిల్లలకి రోజూ నిజం చెప్పమని బెత్తం పట్టుకునే మనిషి. కళ్ళు కిందకి వాల్చి, "తెగుతుందండీ. ఏడు పదమూళ్ళు" అంది.

ఒక్కసారి హాలంతా గొల్లుమంది. సభ్యులు నవ్వారు, ఇన్నేళ్ళుగా తమ చెవుల్లో పువ్వులు పెట్టాడని తెలిసి మళ్ళీ నవ్వారు. ప్రెసిడెంటు మాత్రం నవ్వలేదు. వచ్చే పాటల సాయంత్రానికి ఏడు వరసలు, వరసకి పదమూడు, ఒక్క కుర్చీ అటూ ఇటూ అయినా ఉద్యోగం ఉండదు అన్నాడు. కొత్త కుర్చీ ఇంకోటి తెచ్చి వేయడానికి కూడా వీల్లేదు అన్నాడు, కుర్చీలాయన నోరు తెరిచేలోపే.

ఉద్యోగం గురించి ఆయనకి అంత దిగుల్లేదు. అక్కకి ఏం చెప్పాలి? అదే గుండెల్లో రాయిలా కూర్చుంది. పాటల ముందురోజు అక్క ఇంటికెళ్ళి, పాడే ఆవిడకి జలుబు చేసిందని చెప్పాడు.

"జలుబుతో పాడితే కొత్తగా ఉంటుందిరా" అంది అక్క.

"హాల్లో ఎలుకలు తిరుగుతున్నాయక్కా."

"నేనేం పిల్లినా, వాటి వెంట పడటానికి? నా మానాన నేను పాట వింటాను."

"అసలు ఈసారి పాటలు బావుండవని అందరూ అంటున్నారు."

అక్క సూది పక్కన పెట్టి తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది. "నీ మొహం ఏంట్రా, అమాయకంగా అయిపోయింది? ఏదో అబద్ధం చెబుతున్నావు" అంది. ఆయన చెప్పులేసుకుని వచ్చేశాడు. దారిపొడుగునా తనని తానే తిట్టుకున్నాడు.

సాయంత్రమైంది. ఏడు వరసలు, వరసకి పదమూడు. తన చేత్తో తానే వేశాడు. వేస్తుంటే ఏడుపు తన్నుకొచ్చింది. జనం ముందే వచ్చేశారు, కొత్త వరసల వింత చూద్దామని. ప్రెసిడెంటు వేదికెక్కి ఉపన్యాసం అందుకున్నాడు. సమానత్వం గురించి. ఎంత పొడుగు ఉపన్యాసమంటే, కుర్చీలన్నీ నిండిపోయాయి, మొదటి వరస నడుమ ప్రెసిడెంటు కోసం ఉంచిన ఒక్కటి తప్ప.

అప్పుడు అక్క వచ్చింది. ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుంది. గుమ్మంలో నిలబడి వరసలు ఒకసారి చూసింది, వేలితో గాల్లో ఏదో లెక్కపెట్టింది. కుర్చీలాయన తలుపు పక్కన బిగుసుకుపోయాడు. ఆవిడ వెనక్కి తిరిగి వెళ్ళిపోతుందని ఎదురుచూస్తున్నాడు. ఆవిడ వెనక్కి తిరగలేదు. వరసల మధ్య దారమ్మట తిన్నగా నడిచి, మొదటి వరసలోకెళ్ళి, నడుమ ఖాళీగా ఉన్న కుర్చీలో హాయిగా కూర్చుంది.

కుర్చీలాయన వంగి వంగి పరిగెత్తాడు. పనిచేసే చెవి దగ్గర గుసగుసలాడాడు. "అక్కా, అది మిగిలింది కాదు!"

"తెలుసురా."

"ప్రెసిడెంటుది!"

"తెలుసన్నానుగా. అంతకు ముందుది కూడా మిగిలింది కాదు, అదీ తెలుసు." అక్క ఆయన చొక్కా మీద చెయ్యి వేసి, పైనించి కిందకి గుండీలు తడిమింది. "చొక్కాకి ఏడు కాజాలురా. మా షాపులో డజనుకి ఒకటి కలిపి, పదమూడు చొక్కాలు ఒక కట్ట. జీవితమంతా కట్టకి తొంభై ఒక్క కాజాలు కుట్టాను. ఒక్క కట్టలో ఒక్క కాజా మిగిలిందా ఎప్పుడైనా? నువ్వు ఒకటి మిగిలిందన్నప్పుడల్లా వెనక వరస పదమూడు చూసి నవ్వుకునేదాన్ని."

"మరి ఎందుకు కూర్చున్నావక్కా, తెలిసీ?"

అక్క వేదిక వైపు చూసింది. "కూర్చోవాలనిపించింది" అంది. "ముందు కూర్చుంటే ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. చాలా బావుందిరా. ఇప్పుడు మాత్రం లేవమన్నా లేవను."

కుర్చీలాయనకి కళ్ళు మసకబారాయి. ఎన్నేళ్ళుగా ఆవిణ్ణి మోసం చేస్తున్నానని సంబరపడ్డాడో, అన్నేళ్ళూ ఆవిడే తనని మోసం చేసిందని తెలిసి, ఏడవాలో నవ్వాలో తెలియక, రెండూ చేసుకుంటూ తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

ఉపన్యాసం అయిపోయింది. జనం చప్పట్లు కొట్టారు, అయిపోయినందుకు. ప్రెసిడెంటు కోటు సర్దుకుంటూ మెట్లు దిగి, మొదటి వరస నడుమకి వచ్చి ఆగిపోయాడు. మళ్ళీ అదే కొప్పు.

"అమ్మా, ఇది నా కుర్చీ" అన్నాడు.

అక్క అతని వైపు పూర్తిగా పోయిన చెవి తిప్పింది. "ఆఁ?"

"నా కుర్చీ అమ్మా!"

"మంచిది నాయనా, నువ్వూ కూర్చుని విను" అంది అక్క ప్రేమగా. పక్క కుర్చీలో ఉన్న లెక్కల టీచరు పమిట కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆ మొదటి వరస మొత్తం చేతుల్లో లేని కాగితాలు చదవడం మొదలెట్టింది. పాడే ఆవిడ గొంతు సవరించుకుంది. వెనకనించి ఎవరో "కూర్చోండి సార్, కనపడటం లేదు" అని అరిచారు.

ప్రెసిడెంటు వరస వరసకీ చూసుకుంటూ వెనక్కి నడిచాడు. ఏడు వరసలూ దాటి, తలుపు దగ్గర కుర్చీలాయన పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"ఒక్కటి కూడా మిగల్లేదా?" అన్నాడు పళ్ళు నూరుతూ.

"లేదండీ. తమరు చెప్పినట్టే వేశాను. సరిగ్గా సరిపోయాయి."

పాట మొదలైంది. ముందు వరసలో కొప్పు మెల్లగా ఊగడం మొదలెట్టింది. ప్రెసిడెంటు దానివైపు గుడ్లురిమి చూశాడు.

"ఇంతకీ ఎవరయ్యా ఆవిడ?"

దానికి జవాబు, ఇన్నేళ్ళుగా ఆ హాల్లో కుర్చీలాయన ఒక్కసారి కూడా పైకి అనని మాట. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని ఆలోచించనైనా లేదు. ముందు వరసలదాకా వినపడేంత గట్టిగా, చుట్టుపక్కలవాళ్ళంతా తిరిగి చూసేంత గట్టిగా చెప్పాడు.

"మా అక్కండీ."